చిత్రకారిణికి ఒక కాఫీ, మోడల్‌కి ఒక కాఫీ

వకుళను మొదటిసారి విచారణకు పిలిచిన రోజున కొల్లేరు చిత్రకళా పరిషత్తు వాళ్ళు ఆమె ముందు రెండు కాఫీలు పెట్టించారు.

"ఇంకెవరైనా వస్తున్నారాండీ?" అని అడిగింది వకుళ.

"లేదమ్మా. ఒకటి చిత్రకారిణికి, ఒకటి మోడల్‌కి," అన్నాడు పరిషత్తు న్యాయ సలహాదారు శశిధర్. "ఉభయ పక్షాలకూ సమాన మర్యాద. మా నియమావళి ప్రకారం."

చల్లారిపోతే పారబొయ్యాలి కదా అని వకుళ రెండూ తాగేసింది. తన కేసులో అదే మొదటి పొరపాటని తర్వాత తెలిసింది. 'మోడల్‌కు ఉద్దేశించిన కాఫీని సైతం చిత్రకారిణియే స్వీకరించినది' అని మినిట్స్‌లో రాసుకున్నారు.

ఆమె చేసిన నేరం చిన్నదే. తన బొమ్మ తాను గీసుకుంది. ఒంటి మీద బట్టలు లేకుండా గీసుకుంది.

ఏలూరు పవర్‌పేటలో ఇంటి ముందు గదే వకుళ దుకాణం. ఫొటో ఇస్తే చూసి పెద్ద బొమ్మ గీసి, ఫ్రేము కట్టించి ఇస్తుంది. రిటైర్మెంట్లకి, షష్టిపూర్తులకి, ఎక్కువగా పెద్దకర్మలకి. వచ్చినవాళ్ళు ఫొటో బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి, తమకు కావలసింది చెప్పేవారు. మా నాన్నగారికి ముందువైపు కాస్త జుట్టు పెట్టండి. మా అత్తగారి మొహంలో ఆ కోపం తీసెయ్యండి. రంగు రవ్వంత తేల్చండి. వకుళ పెట్టేది, తీసేసేది, తేల్చేది. ఊళ్ళో సగం గోడల మీద వేలాడుతున్న పెద్దవాళ్ళెవరూ బతికుండగా అంత ప్రశాంతంగా ఉండి ఎరగరు.

అలాంటి సమయంలో పరిషత్తు వారు ప్రకటన ఇచ్చారు. 'స్త్రీ దేహం, స్త్రీ నిర్ణయం' పేరుతో ప్రదర్శన. ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి గీసిన బొమ్మలే పంపాలి, ఫొటో చూసి గీసినవి చెల్లవు. వకుళ వీధిలో నలుగురిని అడిగింది. నలుగురూ సంతోషంగా ఒప్పుకున్నారు, పట్టుచీర కట్టుకొస్తామన్నారు. ఒకావిడ పక్కింటి నుంచి నెక్లెసు కూడా అడిగి తెచ్చుకుంది. వాళ్ళని పంపించేసి, పిల్లలిద్దరూ కాలేజీకీ భర్త డ్యూటీకీ పోయాక, వకుళ తలుపు గడియ పెట్టి బీరువా అద్దం ముందు ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంది.

బొగ్గుతో గీసింది. రెండు కాన్పుల పొట్ట, దాని కింద ఆపరేషన్ గాటు, ఒక పక్కకి జారిన భుజం, కాస్త ఉబ్బిన మోకాళ్ళు. కళ్ళజోడు మాత్రం తియ్యలేదు. తీస్తే అద్దంలో మనిషి కనపడదు. ఆ కళ్ళజోడు వెనక నుంచి బొమ్మలోని మనిషి సూటిగా ఎదటివాళ్ళని చూస్తోంది, వాళ్ళ కొలతలు తీసుకుంటున్నట్టు.

అంతా అయ్యాక అలవాటుకొద్దీ రబ్బరు తీసుకుంది, ఆ పొట్ట మడత కాస్త తగ్గిద్దామని. చెయ్యి కాగితం దాకా వెళ్ళి ఆగింది. ఇన్నేళ్ళలో ఒక్క మనిషినీ ఉన్నది ఉన్నట్టు గీసి గోడకి తగిలించలేదన్న సంగతి ఆమెకి అప్పుడు తట్టింది. ఈ ఒక్కటీ ఇలాగే గోడెక్కాలి. రబ్బరు బల్ల సొరుగులో పడేసింది.

సాయంత్రం భర్త సూర్యప్రకాశం వచ్చి చూశాడు. విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరు. దేన్నయినా ముట్టుకునే ముందు కాసేపు దూరం నుంచి చూడటం వృత్తిధర్మంగా అబ్బింది. చాలాసేపు చూసి, "మోకాళ్ళు బాగా కుదిరాయి," అన్నాడు.

బొమ్మ పరిషత్తుకి వెళ్ళింది. అక్కడ నియమావళి కాచుకుని ఉంది.

దాని పేరు 'మోడల్ గౌరవ పరిరక్షణ నియమావళి'. అంతకుముందు ఏడు ఒక చిత్రకారుడు డాబా మీద బట్టలారేస్తున్న పక్కింటావిడను చాటు నుంచి గీసి ప్రదర్శనలో పెట్టాడు. ప్రారంభోత్సవానికి ఆవిడ భర్త కూడా వచ్చాడు. ఆ చిత్రకారుడికి ఇప్పటికీ ఎడమ చెవి సరిగా వినపడదు. ఆ సంఘటనతో పరిషత్తు మేలుకుంది. ఇకమీదట ఏ స్త్రీ బొమ్మకైనా ఆ స్త్రీ అంగీకారం ఉండాలి. దాన్ని చిత్రకారుడు ఎదురుగా లేకుండా, ఒత్తిడికి తావు లేకుండా, పరిషత్తు వేసిన విచారణ సంఘమే స్వయంగా తీసుకోవాలి. మోడల్ మాటే అంతిమం. వినడానికి చాలా బాగుంది. వకుళ కూడా ప్రకటన చూసినప్పుడు బాగుందనుకుంది.

"చిత్రకారిణీ మోడలూ ఒక్కరే కదండీ," అంది ఆమె, రెండో కాఫీ గ్లాసు కింద పెట్టి.

"అది మీరంటున్న మాట," అన్నాడు శశిధర్. "దరఖాస్తులో రెండు గడులున్నాయి. రెండూ నింపారు. కాబట్టి సంఘం దృష్టిలో ఇద్దరున్నారు. చిత్రకారిణి గారు దయచేసి బయటికి వెళ్ళండి. మోడల్‌ను విచారించాలి."

వకుళ బయటికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. "మోడల్ గారు లోపలికి రావచ్చు," అన్నారు. వకుళ లోపలికి వచ్చింది.

ఈసారి డాక్టర్ హైమవతి లేచి ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆవిడ రిటైరైన హోమ్ సైన్స్ లెక్చరరు, సంఘంలో మహిళా సభ్యురాలు. "భయపడకమ్మా. ఆవిడ బయట ఉంది, ఏమీ వినపడదు. నిన్ను ఎవరైనా బలవంతం చేశారా?"

నవ్వు దాచుకోవడానికి వకుళ ఏదో ఒకటి అనాలనుకుంది. ఆ అన్నది రెండో పొరపాటు. "బలవంతమంటే, కూర్చునీ కూర్చునీ నడుం పట్టేసిందండి. లేద్దామంటే లేవనివ్వలేదు. కదిలినప్పుడల్లా తిట్టింది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం కూడా తిననివ్వలేదు."

హైమవతి గారి కళ్ళు చెమర్చాయి.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇలా?"

"మేడమ్, నేను వేళాకోళానికి అన్నాను."

"బాధితులందరూ మొదట అలాగే అంటారు," అని ఆవిడ శశిధర్ వైపు తిరిగింది. "రాసుకోండి."

మధ్య కుర్చీలో ఉన్నది అధ్యక్షులు కలిదిండి గోపాలరాజు గారు. చేపల చెరువుల ఆసామి. కళల మీద అభిమానం కొద్దీ పరిషత్తుకి భవనం కట్టించారు. భవనం నిలబడాలంటే ఆయన అధ్యక్షులుగా ఉండటం అవసరమని అందరూ గ్రహించారు. ఆయన గొంతు సవరించుకుని, "సదరు మోడలు, సదరు చిత్రకారిణి ఒకే కప్పు కింద నివసిస్తున్నట్టు తెలుస్తోంది. ఇది ఆందోళన కలిగించే విషయం. స్థల పరిశీలన జరపవలసిందిగా ఆదేశిస్తున్నాను," అన్నారు.

మర్నాడు శశిధర్, హైమవతి పవర్‌పేట వచ్చారు. సూర్యప్రకాశం అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, చొక్కా బీరువాలో తగిలించి, బనీనుతో మంచినీళ్ళు తాగుతున్నాడు. ఆయన ముందు రెండు కాగితాలు పెట్టారు.

"ఒకటి చిత్రకారిణి భర్తగా, ఒకటి మోడల్ భర్తగా," అన్నాడు శశిధర్.

"నేను ఒక్కళ్ళనే చేసుకున్నానండి."

"అది మీ వ్యక్తిగత అభిప్రాయం. ఇక్కడ పెట్టండి సంతకం."

"అయినా బొమ్మ ఆవిడది, ఒళ్ళు ఆవిడది. మధ్యలో నా సంతకం దేనికండీ?"

హైమవతి జాలిగా చూసింది. "మీ ఆవిడ భర్త ప్రమేయం లేకుండా స్వేచ్ఛగా నిర్ణయం తీసుకుందని భర్తే కదండీ ధ్రువీకరించాలి."

సూర్యప్రకాశం రెండు చోట్లా సంతకం పెట్టాడు. తనకి రెండో సంసారం ఉందని కాగితం మీద ఒప్పుకున్నది ఏ ఊళ్ళోనూ తనొక్కడే అయి ఉంటాడనుకున్నాడు.

తర్వాత ఘటనా స్థలం చూపించమన్నారు. వకుళ పడగ్గదిలోకి తీసుకెళ్ళింది.

"చిత్రకారిణి మోడల్‌ను కలుసుకున్నది ఎక్కడ?"

"ఇదుగోండి, ఈ అద్దంలో."

"ఇప్పటికీ కలుసుకుంటున్నారా?"

"పొద్దున తల దువ్వుకునేటప్పుడు."

శశిధర్ హైమవతి వైపు అర్థవంతంగా చూశాడు. ప్రదర్శన పూర్తయ్యేవరకు సదరు చిత్రకారిణి సదరు మోడల్‌ను ఎక్కడా కలుసుకోరాదని, కనీసం కనుసైగ చెయ్యడానికి కూడా వీల్లేదని అక్కడికక్కడే నిర్ణయమైంది. సంచిలోంచి గోధుమరంగు కాగితం తీసి అద్దానికి అంటించారు. నాలుగు మూలలా లక్క సీళ్ళు వేశారు. అద్దం బీరువా తలుపుకే ఉంది కనుక సీళ్ళలో రెండు తలుపుని, పక్క రేకుని కలిపి పట్టుకున్నాయి. ఇంటిల్లిపాది బట్టలూ లోపల ఉండిపోయాయి.

"రేపు మా ఆఫీసులో ఎస్.ఈ. గారి తనిఖీ ఉంది," అన్నాడు సూర్యప్రకాశం బనీను చూసుకుంటూ. "నేనేం తొడుక్కుపోను?"

"అర్జీ పెట్టుకోండి. పరిశీలిస్తాం," అన్నాడు శశిధర్.

మర్నాడు సూర్యప్రకాశం దండెం మీద ఆరుతున్న కొడుకు టీషర్టు వేసుకుని తనిఖీకి వెళ్ళాడు. దాని మీద గిటారు పట్టుకున్న పుర్రె బొమ్మ ఉంది. రాత్రి అన్నం దగ్గర అన్నాడు. "వకుళా, ఇంత యాతన దేనికి చెప్పు. వాళ్ళేం దిద్దమంటారో అడిగి ఆ నాలుగు గీతలూ దిద్దేద్దూ."

"ఇప్పటిదాకా గీసినవన్నీ ఎవరో ఒకళ్ళు దిద్దమన్నవే కదండీ," అంది వకుళ. "ఇది కూడా దిద్దితే ఇంక నేను గీసిన బొమ్మంటూ ఒక్కటీ ఉండదు."

ఆయన పెరుగు కలుపుకుంటూ ఆలోచించాడు. "సరే. ఆ టీషర్టు ఉతికి పెట్టు. రేపూ అదే వేసుకుంటాను."

రెండో విచారణ నాటికి పరిషత్తు రాజీకి వచ్చింది. మోడల్ వివరాలు గోప్యంగా ఉంచాలి కనుక ముఖం కప్పాలి. మోడల్ గౌరవం కాపాడాలి కనుక శరీరం కప్పాలి. రెండూ కప్పేశాక మిగిలిన బొమ్మకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చారు.

"ఏం మిగులుతుందండీ?" అని అడిగింది వకుళ.

"స్టూలు," అన్నాడు శశిధర్.

కళ్ళజోడు మీద మాత్రం గంటసేపు చర్చ నడిచింది. కళ్ళజోడు ధరించిన వ్యక్తిని వివస్త్ర అనవచ్చునా అన్నది ప్రశ్న. ధరించినదంతా వస్త్రమే అయితే బొమ్మలో సమస్యే లేదని హైమవతి వాదించింది. అలాగైతే రేపు ఉంగరం పెట్టుకుని వస్తారని శశిధర్ హెచ్చరించాడు. ఒక ఉపసంఘం వేద్దామనుకున్నారు.

"ఇవన్నీ దేనికి," అన్నారు గోపాలరాజు గారు. "మన ఉపాధ్యక్షులు క్యాలెండర్లకి దేవతల బొమ్మలు వేసి పండిపోయిన మనిషి. ఒక చీర గీసిపెడతారు. వెంకటగిరిది. ఏ రంగు కావాలో మీ ఇష్టమమ్మా, ఆ నిర్ణయం పూర్తిగా స్త్రీదే."

"బొగ్గు బొమ్మండీ అది. రంగు ఉండదు."

"అయితే తెల్ల చీర."

వకుళ తలెత్తింది. రాజు గారి కుర్చీ వెనక గోడ మీద నిలువెత్తు తైలవర్ణ చిత్రం ఉంది. పరిషత్తు వ్యవస్థాపకులు వేసింది. ఏటి ఒడ్డున ఒక యువతి స్నానం చేసి నిలబడింది. ఒంటి మీద నీటి చుక్కలు తప్ప ఇంకేం లేవు. మొహం ఏటివైపు తిప్పేసుకుంది. ఆ బొమ్మ కిందే వాళ్ళు రోజూ టిఫిన్లు తింటారు. దాని ముందు నిలబడే కలెక్టర్లు, మంత్రులు ఫొటోలు దిగారు.

"ఆవిడ అంగీకారం తీసుకున్నారాండీ?" అంది వకుళ.

ముగ్గురూ వెనక్కి తిరిగి చూశారు. ఆ బొమ్మను అంత శ్రద్ధగా చూడటం వాళ్ళకి అదే మొదటిసారి కావచ్చు.

"అది కళాఖండమమ్మా," అన్నారు రాజు గారు.

"ఎవరావిడ?"

"తెలీదు. ఎవరికీ తెలీదు. అందుకే గౌరవంగా ఉంది." ఆయన కాస్త ఇబ్బందిగా కుర్చీలో కదిలారు. "పైగా ఆవిడ మన వైపు చూడటం లేదు. మనం చూస్తాం, ఆవిడ పాటికి ఆవిడ ఉంటుంది. ఇబ్బంది లేదు. మీరు గీసినావిడ అలా కాదు కదమ్మా. మీ బొమ్మ వచ్చిన దగ్గర్నుంచి ఆఫీసు గదిలో గోడకి ఆనించి పెట్టాం. మా గుమాస్తా కుర్చీ మార్చుకున్నాడు. నేనే రెండుసార్లు వెళ్ళాను. ఎక్కడ నిలబడినా చూస్తోంది. ఇంతకీ నువ్వెవరివయ్యా అని అడిగినట్టు చూస్తోంది."

అంతవరకూ సాగిన విచారణలో అసలు అభియోగం బయటపడింది అప్పుడే. మినిట్స్‌లో మాత్రం అది రాయలేదు.

"కళ్ళు మూసినట్టు దిద్దితే చీర అక్కర్లేదు," అన్నాడు శశిధర్, అధ్యక్షుల మనసు కనిపెట్టి. "అదే చివరి మాట. ఒళ్ళంతా మీ ఇష్టం. కళ్ళు మూసుకోండి చాలు."

"మూసుకుంటే ఎలా గీస్తానండీ," అంది వకుళ.

బొమ్మను తిప్పి పంపడానికీ వీల్లేదు. స్త్రీ నిర్ణయం పేరిట ప్రదర్శన పెట్టి స్త్రీ పంపిన బొమ్మను తిప్పి పంపితే పేపర్లవాళ్ళు ఊరుకోరు. చివరికి శశిధర్ నియమావళి మళ్ళీ చదివి, మళ్ళీ చదివి, మొహం విప్పార్చుకుని దారి కనిపెట్టాడు.

బొమ్మను ఉన్నది ఉన్నట్టే తగిలిస్తారు. ముందు తెర కడతారు. తెర తీసే హక్కు మోడల్‌కి తప్ప ఇంకెవరికీ లేదు, ఎందుకంటే మోడల్ మాటే అంతిమం. చిత్రకారిణిని వేదిక మీద శాలువాతో సత్కరిస్తారు. చిత్రకారిణీ మోడలూ కలుసుకోరాదన్న ఆదేశం ప్రదర్శన అయ్యేదాకా అమల్లోనే ఉంది. చిత్రకారిణి వస్తుంది, కాబట్టి మోడల్ రాదు. మోడల్ రాదు, కాబట్టి తెర లేవదు. అందరి మర్యాదా దక్కుతుంది. ఆయన తెలివికి రాజు గారు అక్కడికక్కడే భుజం తట్టారు.

శాలువా ఆహ్వానం పవర్‌పేటకు మనిషిచేత పంపించారు. సూర్యప్రకాశం చదివి, "శాలువా అయితే బాగానే ఉంది, కప్పుకుని ఆఫీసుకి పోవచ్చు," అన్నాడు.

ప్రారంభోత్సవం నాడు హాలు నిండింది. తెర సంగతి ఊరంతా పాకిపోవడంతో ఎప్పుడూ ప్రదర్శనల మొహం చూడనివాళ్ళు కూడా వచ్చారు. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని గుమాస్తా పేర్లు రాసుకుంటున్నాడు. వకుళను చూసి లేచి నిలబడ్డాడు.

"నమస్కారం మేడమ్. చిత్రకారిణి గారికి ముందు వరసలో కుర్చీ వేశామండి."

"చిత్రకారిణి రావడం లేదు బాబూ," అంది వకుళ. "నేను మోడల్‌ని. రాసుకో."

అతను కలం పట్టుకుని కాసేపు ఆలోచించాడు. రెండో గడిలో రాశాడు.

వేదిక మీద రాజు గారు స్త్రీ శక్తి గురించి మాట్లాడటం పూర్తి చేసి, శాలువా విప్పి, చిత్రకారిణిని వేదిక మీదికి ఆహ్వానించారు. ఎవరూ లేవలేదు. మళ్ళీ ఆహ్వానించారు. శాలువా పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆ సమయంలో వెనక వరసలోంచి ఒక స్త్రీ లేచి, దారిలో ఉన్నవాళ్ళని కాళ్ళు తియ్యమని అడుగుతూ, గోడ దగ్గరికి నడిచి, తాడు పట్టుకు లాగింది.

తెర పక్కకి పోయింది.

ముందు వరసలో ఒకావిడ కొంగు సర్దుకుంది, తర్వాత ఎందుకు సర్దుకున్నానా అనుకున్నట్టు వదిలేసింది. ఇంకొకావిడ లేచి దగ్గరికొచ్చి ఆ ఆపరేషన్ గాటు వైపు చూసి, తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "నాదీ అడ్డంగానే కోశారు," అంది పక్కావిడతో. మగవాళ్ళు చాలామంది నేల చూశారు. నేల శుభ్రంగానే ఉంది.

శశిధర్ పరుగున వచ్చాడు. "ఏమ్మా, ఏం చేశారమ్మా ఇది?"

"నేను మోడల్‌నండి. గుమాస్తాని అడగండి. నా ఇష్ట ప్రకారం తీశాను."

"చిత్రకారిణి గారు ఏరి?"

"రాలేదండి. నా మీద ఎవరి ఒత్తిడీ లేదు. రాసుకోండి."

శశిధర్ చేతిలో కాగితాలు తిరగేశాడు. నియమావళి తను రాసిందే. ఎటువైపు నుంచి చదివినా తప్పు దొరకలేదు. మోడల్‌ను వారించే అధికారం సంఘానికి లేదు. ఉంటేగింటే ఆమె చేత కొంతైనా మాట వినిపించగల మనిషి, బతిమాలి ఒప్పించగల మనిషి, లోకంలో ఒక్క చిత్రకారిణే. ఆయన రెండడుగులు పక్కకి వెళ్ళి, జేబులోంచి ఫోన్ తీసి, ఆమెకి చేశాడు.

అక్కడే వకుళ చేతిసంచిలో ఫోన్ మోగింది. ఆమె తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"చిత్రకారిణి గారూ, శశిధర్‌ని మాట్లాడుతున్నాను," అన్నాడాయన గొంతు తగ్గించి, గోడవైపు తిరిగి. "మీ మోడల్ తెర లాగేసిందండి. మా మాట వినడం లేదు. మీరు వెంటనే వచ్చి ఆవిడకి నచ్చజెప్పాలి."

"నేనొస్తే ఆవిడ మీద ఒత్తిడి తెచ్చినట్టు అవుతుందండి," అంది వకుళ, ఆయనకి మూడడుగుల దూరంలో నిలబడి. "మీరే కదా వద్దన్నారు."

ఫోన్‌లోంచి నిట్టూర్పు వినిపించింది. పక్కనుంచి కూడా.

"మరి మమ్మల్ని ఏం చెయ్యమంటారండీ?"

"బొమ్మ ఎదురుగానే ఉంది కదండీ. చూడండి."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే శశిధర్ తలెత్తాడు. స్టూలు మీద కూర్చున్న స్త్రీ కళ్ళజోడులోంచి ఆయన్నే చూస్తోంది. ఆయన కాస్త ఎడమవైపు జరిగాడు. అప్పటికీ చూస్తోంది. చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు.